1985 నాటి పల్లె వీధి కావాలి, చేతిలో 60 వేలే ఉన్నాయి

తొలిరీలు
గంటన్నర సినిమా తీస్తున్నాం. అంటే, తీద్దామనుకుంటున్నాం. కథ 1985 వేసవిలో, విశాఖ పక్కనున్న భీమిలి దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లెలో జరుగుతుంది. మొత్తం బడ్జెట్ నాలుగు లక్షల చిల్లర. అందులో ఆర్ట్‌కి, అంటే సెట్టూ సామానూ వగైరాలకి, మిగిలింది 60 వేలు. స్నేహితుడి మేనమామ వాళ్ల ఊళ్లో ఒక వీధి దొరికింది. చివర్లో సముద్రం, మలుపులో రావిచెట్టు, అటూ ఇటూ అరుగులు. చూడగానే ఇదే మన వీధి అనిపించింది. ఇంటికొచ్చి ఫొటోలు పెద్దవి చేసి చూస్తే నీరసం వచ్చింది. సిమెంటు రోడ్డు. ప్రతి డాబా మీదా డిష్. వీధి చివర సెల్ టవర్, సరిగ్గా సముద్రం నెత్తి మీద నిలబడినట్టు. గోడలేమో గులాబీ, చిలకపచ్చ. ఒడ్డున ఉన్నవన్నీ నీలం రంగు ఫైబర్ పడవలు. సందు మొదట్లో మినరల్ వాటర్ ప్లాంటు బోర్డు.

మా కెమెరామన్ అన్నీ గ్రాఫిక్స్‌లో చెరిపేద్దాం అంటాడు. ఎడిటర్ ముందు నన్ను చంపేసి తర్వాత చెరుపుకోండి అంటాడు. వేరే ఊరు వెతుక్కోవాలా, దీన్నే మార్చుకోవాలా? చేసినవాళ్లెవరైనా చెప్పండి.

పునుగులబండి
కథని 2025కి మార్చెయ్. 60 వేలూ మిగుల్తాయి, పునుగులు తిందాం.

గాజువాక_గాలి
వేరే ఊరంటే ఎక్కడికెళ్తావు? శ్రీకాకుళం దాకా వెళ్లినా సెల్ టవర్ లేని పల్లె దొరకదు. ఎక్కడైనా ఇదే బాధ. ఉన్నదాంట్లో సముద్రం, రావిచెట్టు ఉన్నాయి కదా, అవి నువ్వు కట్టలేవు.

బ్రష్షు_బాబాయ్
గాలి చెప్పింది నిజం. ఊరు మార్చకు. కానీ వీధంతా మారుద్దామన్న ఆలోచన కూడా మానుకో. చిన్న సినిమాల్లో ఆర్ట్ డబ్బులు ఎక్కువగా తగలడేది కెమెరా చూడని గోడల మీదే. ఇది నా 15 ఏళ్ల అనుభవం.

ముందు ఆ వీధిలో కెమెరా పెట్టే చోట్లు ఐదే అనుకో. సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టు. ఒక్కో గుర్తు మీద నిలబడి, నువ్వు వాడబోయే లెన్సుతోనే ఫొటో తియ్. ఆ ఐదు ఫొటోల్లో కనిపించేదే నీ ఊరు, మిగతాది ఎలా ఉన్నా నీకు అనవసరం. మనిషి ముఖం మీద నడిచే సీన్లకి రెండు అరుగులు, ఒక గుమ్మం చాలు. వీధంతా కనిపించే పెద్ద షాట్ సినిమా మొత్తానికి ఒకటో రెండో పెట్టుకో. డబ్బులు వాటికే దాచుకో.

ఇక రోడ్డు. సిమెంటు మీద మట్టి పరచడం అనుకున్నంత ఖర్చు కాదు. ట్రాక్టర్ లోడు అంటే ఇంచుమించు వంద ఘనపుటడుగులు. పది అడుగుల వెడల్పు వీధిలో అంగుళం మందాన పరిస్తే 120 అడుగుల పొడవు వస్తుంది. అంతకంటే పొడుగు నీ కెమెరాకి కనపడదు. కింద పాత గోనెసంచులు పరిచి, వాటి మీద మట్టి పోసి, నీళ్లు చల్లి, మనుషుల చేత తొక్కించు. షూటింగ్ అయ్యాక సంచులతో సహా చుట్టేస్తే రోడ్డు మళ్లీ రోడ్డే. గోనె లేకుండా పోశావంటే కాలవలు పూడుకుపోయి ఊరంతా నీ మీద పడుతుంది.

ఇంకోటి. మట్టి కొనుక్కో. బీచ్ ఇసుక ఎత్తకు. ఎర్రమట్టి దిబ్బల వైపు అసలు చూడకు. రెండూ కేసులయ్యే పనులే.

పునుగులబండి
ఎర్రమట్టి దిబ్బల్లో ఇప్పటిదాకా తీసిన పాటల కాలిదుమ్ము దులిపితేనే ఒక లోడు వస్తుంది.

నిలకడషాట్
మీ కెమెరామన్‌కి నా మాటగా చెప్పండి. చెరపడం కన్నా చూడకపోవడం చవక.

16:9లో, అంటే మామూలు టీవీ తెర ఆకారంలో తీసి, ఇంకా వెడల్పుగా కనిపించే సినిమాస్కోప్ కొలత 2.39కి కోయండి. ఫ్రేములో దాదాపు నాలుగో వంతు పోతుంది, పైనా కిందా కలిపి. మీ సమస్యలు ఎక్కడున్నాయి? టవరు, డిష్‌లు, కరెంటు తీగలు అన్నీ పైనే. కోసేటప్పుడు ఫ్రేముని కిందికి జరుపుకుంటే ఆ కోత మొత్తం పైనుంచే వస్తుంది. ఈ మధ్య ఫ్యాషన్ కదా అని పాత టీవీల 4:3 ఆకారం పెట్టుకోకండి. అది ఆకాశాన్ని కూడా చూపిస్తుంది, ఆకాశంలోనే మీ టవర్ ఉంది.

రెండోది, 85 ఎంఎం లెన్సు పెట్టి వెనక్కి వెళ్లండి. వెనక ఉన్నది మెత్తబడుతుంది, చూపు ఇరుకవుతుంది, రెండు ఇళ్లకి మించి కనపడవు. ముందర ఒక కొమ్మో, ఆరేసిన వలో అడ్డం పెడితే సగం పని అయిపోయినట్టే. కాకపోతే మేలో పది దాటాక ఇసుక మీద ఈ లెన్సు పెడితే వేడికి బొమ్మంతా అలలు అలలుగా ఊగుతుంది. పొద్దున్నే తీసుకోండి.

చెరుపుడుబల్ల
నేను ఆ ఎడిటర్ జాతివాణ్ణే కాబట్టి అతని తరఫున మాట్లాడతా. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటే టవర్ తీసేయడం నాకు ఒక పూట పని. కెమెరా చేత్తో పట్టుకుని ఊగిస్తూ, ముందు హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతూ, ఆ జుట్టు సందుల్లోంచి టవర్ కనిపిస్తూ ఉంటే మూడు రోజులు పని, తర్వాత ఒక రోజు ఏడుపు. విశాఖ ఒడ్డున జుట్టు ఎగరని పూట ఉంటుందా చెప్పండి.

సినిమా మొత్తానికి ఆరు షాట్‌లు నాకివ్వండి, అన్నీ స్టాండు మీదవి, టవర్ ముందు నుంచి ఎవరూ నడవనివి. మిగతావి బ్రష్షు బాబాయ్‌కి ఇవ్వండి.

ఒడ్డుపిల్ల
మాది భీమిలి దారిలో అలాంటి పల్లే. ఊరి పేరు చెప్పను గానీ ఒక సంగతి చెప్తా. మూడేళ్ల కిందట ఒక షార్ట్ ఫిల్మ్ వాళ్లు వచ్చారు. మా నానమ్మ ఇంటి గోడకి 'పాత లుక్' కావాలని బ్రౌన్ రంగు కొట్టారు. మళ్లీ మామూలు రంగు వేయిస్తాం అన్నారు. వెళ్లిపోయారు. ఆ గోడ సగం గులాబీ, సగం బురద రంగులో ఇప్పటికీ అలాగే ఉంది. నానమ్మ ఆ వైపు కూర్చోవడం మానేసింది. సంక్రాంతికి కొత్తగా వేయించుకున్న రంగు అది.

ఇంకొకటి. మీరంతా పాతకాలం అంటే మురికి అనుకుంటారు. మా నానమ్మ ఆ రోజుల్లో వారానికొకసారి అరుగులు అలికేది. ఎర్రమట్టి పూత, అంచులకి సున్నం గీత. చుట్టిల్లు నేను చిన్నప్పుడు చూశాను, లోపల నేల అద్దంలా ఉండేది. గోడకి బురద పూసేసి 1985 అంటే మాకు కోపం వస్తుంది.

తొలిరీలు
ఒడ్డుపిల్ల గారూ, చదివి తలదించుకున్నాను. నా నోట్‌బుక్‌లో నిజంగానే 'గోడలు మురికిగా' అని రాసుకుని ఉంది. కొట్టేశాను. అయితే గులాబీ గోడని ఏం చేయాలి? రంగు వేయకుండా?

బ్రష్షు_బాబాయ్
అమ్మాయి నాకు చివాట్లు పెట్టినట్టే ఉంది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అదే చేశాను. ఇప్పుడు చేసేది చెప్తా.

గోడకి నేరుగా ఏదీ పూయొద్దు. వెదురు చట్రాలు కట్టించి, వాటికి గోనె బిగించి, గోనెకి బంకమట్టి, కాస్త పేడ, గుప్పెడు ఊక కలిపి పూత వెయ్. రెండు రోజులు ఎండితే సన్నగా పగుళ్లు వస్తాయి, మట్టిగోడే అనుకుంటారు. ఎనిమిది అడుగులకి నాలుగు అడుగుల చట్రాలు ఆరు చాలు. పొద్దున ఈ ఇంటి ముందు, సాయంత్రం ఆ ఇంటి ముందు నిలబెట్టుకో. పక్కన తాటాకు తడికలు. తడిక ఎంత వికారాన్నైనా దాస్తుంది, కరెంటు మీటరుతో సహా.

తప్పదనుకుంటే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, సుద్దపొడి నీళ్లలో కలిపి పల్చగా కొట్టు. నీళ్లు కొడితే పోతుంది. ముందు మూల చూసుకుని జానెడు మేర కొట్టి, కడిగి చూడు. ఎర్ర ఆక్సైడ్ మాత్రం ముట్టుకోవద్దు, అది గోడని వదలదు. అరుగుల అంచులకి సున్నం గీత గియ్యి, అమ్మాయి చెప్పినట్టు. ఆ గీత ఉంటే చాలు, కాలం తెలిసిపోతుంది.

గాజువాక_గాలి
బాబాయ్, ఆ చట్రాలు సముద్రం గాలికి నిలుస్తాయా? గాలిపటాల్లా లేచిపోతాయి.

బ్రష్షు_బాబాయ్
వెనకాల ఇసుక బస్తాలు. ఒక్కో చట్రానికి రెండు. నువ్వొచ్చి పట్టుకుంటానంటే ఒకటి చాలు.

రిటైర్డ్_మాస్టారు
నేను 1985లో ఆ పక్క బడిలో పనిచేసినవాణ్ణి. కుర్రాళ్లు కొన్ని విషయాలు గమనించుకోవాలి.

మీరు జాతీయ రహదారి మీద మైలురాయి చూపిస్తే దాని మీద 5 ఉండాలి. ఇప్పుడు 16 అంటున్నాం గానీ అంకెలు మార్చింది 2010లో. జీవీఎంసీ అన్న అక్షరాలు ఏ చెత్తడబ్బా మీద కనిపించినా తీసెయ్యండి, విశాఖ కార్పొరేషన్ గ్రేటర్ అయింది 2005లో. అనకాపల్లి జిల్లా అని ఎవరితోనూ పలికించకండి, అది 2022 నాటి మాట. బండి నంబరు ప్లేట్లు మరో పెద్ద గండం. ఏపీ 31 అన్న తరహా నంబర్లు 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమలైన తర్వాతివి. అంతకుముందు మూడు అక్షరాలు, నాలుగంకెలు. నల్ల ప్లేటు మీద తెల్ల రాత.

ఆర్కే బీచ్‌లో ఏదైనా తీస్తుంటే జలాంతర్గామి ఫ్రేములోకి రాకూడదు. కురుసుర మ్యూజియంగా అక్కడ జనానికి తెరిచింది 2002లో. కైలాసగిరి మీది పెద్ద అక్షరాలదీ అదే సంగతి.

చివరిగా, చెట్లు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ ఒక్క రోజులో విశాఖ పచ్చదనం చాలావరకు నేలమట్టమైంది. 1985లో బీచ్ రోడ్డు పొడుగునా ఇప్పటికన్నా చెట్లు దట్టం. సరుగుడు తోటలు దొరికిన చోట వాడుకోండి.

పునుగులబండి
మాస్టారూ, ఇది సినిమానా డీఎస్సీ పరీక్షా?

లంబసింగి_చలి
నాకు అరకులో కశ్మీర్ కావాలి, బడ్జెట్ ఆరు వేలు. ఇక్కడే అడగొచ్చా?

పునుగులబండి
డిసెంబరులో మీ లంబసింగే వెళ్లి తెల్లవారుజామున నోరు తెరువు. వచ్చే పొగే కశ్మీర్.

తొలిరీలు
మాస్టారూ, అన్నీ రాసుకున్నాను. కాలం తెలియడానికి సందు మొదట్లో పసుపు రంగు ఎస్‌టీడీ బూత్ ఒకటి పెడదామనుకున్నాం. చవకలో అయిపోతుంది. సరేనా?

రిటైర్డ్_మాస్టారు
అది పెట్టారో మీ సినిమా 1985 కాదు, 1992. బూతులు ఊరూరా వెలిసింది ఎనభైల చివర్లో. మా పల్లెకి అప్పుడు ఫోనంటే పోస్టాఫీసుదే. గోడ మీద రాతలు రాయండి. ఆ ఏడాది మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. వేసవికల్లా గోడల మీద ఆ రాతలు సగం వెలిసి ఉండేవి.

గాజువాక_గాలి
పార్టీ గుర్తు గియ్యకండి సామీ. ఇప్పుడు కూడా గొడవలే.

ఒడ్డుపిల్ల
అవును. మా ఊళ్లో ఈ గుర్తు గీస్తే పై వీధివాళ్లు, ఆ గుర్తు గీస్తే కింద వీధివాళ్లు మీకు మంచినీళ్లు కూడా ఇవ్వరు.

బ్రష్షు_బాబాయ్
ఎర్ర త్రికోణం గియ్యి. కుటుంబ నియంత్రణ వాళ్లది, మొన తిప్పేసి కిందికి ఉంటుంది. పక్కన 'ఇద్దరు చాలు' అని చేతిరాత. ఆ రోజుల్లో ఆ త్రికోణం లేని గోడ లేదు, దాని మీద ఇప్పుడు ఎవరికీ కోపం లేదు. గోడ మీద కాదు, చట్రం మీదే గియ్యి. ఎండాక తడిగోనెతో రుద్దితే పాతబడుతుంది.

పునుగులబండి
మా నాన్నకి ఉంది కోపం. మేం ఐదుగురం.

మైకుపుల్ల
అందరూ కంటికి కనపడేవే మాట్లాడుతున్నారు. కళ్లకి 1985, చెవులకి రీల్స్ చప్పుడు అయితే ఏం లాభం? అలాంటి పల్లెలో సింక్ సౌండ్, అంటే తీసేటప్పుడే మాటలు రికార్డు చేయడం, కష్టం. డైలాగులు డబ్బింగ్ చెప్పించండి. కానీ ఒక పూట పూర్తిగా నాకోసం కేటాయించి అలల హోరు, కాకులు, నీళ్లు తోడే గిలక, వల లాగేటప్పుడు పదాలు విడిగా రికార్డు చేయండి. వీధి చివర టవర్ ఉన్న వైపు నుంచి రేడియోలో వార్తల గొంతు, దూరంగా, సన్నగా. ఆ గొంతు రాగానే చూసేవాడు నలభై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాడు. పైసా ఖర్చు లేదు, మీ మాస్టారి చేత చదివించండి.

రిటైర్డ్_మాస్టారు
నాకు అభ్యంతరం లేదు.

నిలకడషాట్
రాత్రి సీన్లు ఉన్నాయా? వీధి దీపాల సంగతి చూశారా? హుద్‌హుద్ తర్వాత ఊరంతా తెల్లటి ఎల్ఈడీలే. 1985లో వీధి వెలుగు అంటే ట్యూబ్‌లైటు, లేదంటే పసుపు బల్బు. ఈ ఎల్ఈడీ తెలుపు చూడగానే ఈ కాలం అని పట్టేస్తారు.

తొలిరీలు
ఉంది ఒకటి. ఒడ్డున రాత్రి, నాయిక తండ్రి కోసం ఎదురుచూస్తుంది. జనరేటర్ పెట్టే స్తోమత లేదు.

నిలకడషాట్
పగలే తీసేయండి. ఎండ వెనక నుంచి పడేలా మనిషిని నిలబెట్టండి. పొద్దున ఏడున్నర ప్రాంతంలో మనకి సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి ఆమెని సముద్రానికి వీపు పెట్టిస్తే చాలు, భుజాల మీద వెన్నెల గీసినట్టు పడుతుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 3200 పెట్టండి, మొత్తం నీలం తిరుగుతుంది. రెండు స్టాప్‌లు తక్కువగా ఎక్స్‌పోజ్ చేయండి, అంటే వెలుగు నాలుగో వంతే పడనివ్వండి. ఆకాశం ఫ్రేములో పడనివ్వకండి, అది పడితే గుట్టు రట్టు. తర్వాత చేతిలో లాంతరు వెలుగుని మాత్రం రంగు దిద్దేటప్పుడు పసుపుగా పెంచండి.

ఒడ్డుపిల్ల
రాత్రి లైట్లు పెట్టకపోవడమే మంచిది. చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా మా ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురుని బట్టే సముద్రం ఎటుందో పోల్చుకుంటాయి. పెద్ద లైటు చూస్తే అటు నడుస్తాయి. మా తమ్ముడు బకెట్‌తో ఏరి నీళ్లలో వదిలిన రోజులున్నాయి.

చెరుపుడుబల్ల
డ్రోన్ ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. ఎత్తొద్దు. నేవీ ఊరు ఇది. ఎగరేసే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఎర్ర జోన్లు, అంటే ఎగరేయకూడని చోట్లు, చూసుకోవాల్సిందే. పైగా పైనుంచి చూస్తే బాబాయ్ మట్టి 120 అడుగుల దగ్గర ఎక్కడ ఆగిపోయిందో కూడా కనిపిస్తుంది.

తొలిరీలు
క్లైమాక్స్ కూడా అడిగేస్తా. సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే హీరో పడవ వైపు నడుస్తాడు.

గాజువాక_గాలి
ఏ సముద్రంలోకి దిగుతాడు బాబూ? మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక పడుకుంటాడు. గోవా వెళ్లు.

పునుగులబండి
పొద్దున తీసి రివర్స్‌లో వెయ్, సూర్యుడు దిగుతాడు. హీరో వెనక్కి నడుస్తాడు. అలలు సముద్రంలోకి పోతాయి. అవార్డు ఖాయం.

నిలకడషాట్
అందరూ అలా తీస్తారు, ఉదయాన్ని సాయంత్రం అని చూపిస్తారు. కథ వేరే ఊరిదైతే చెల్లుతుంది. మీ కథ భీమిలిది. ఇక్కడి కుర్రాడు మొదటి ఆటకే లేచి అరుస్తాడు. క్లైమాక్స్‌నే ఉదయానికి మార్చండి. వేటకెళ్లేవాళ్లు తెల్లవారుజామునే కదా వెళ్తారు.

తొలిరీలు
సిగ్గుగా ఉంది. పుట్టింది ఇక్కడే, రాసింది మాత్రం సినిమాలు చూసి. మారుస్తున్నాను.

ఒడ్డుపిల్ల
పడవల సంగతి ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, నీలం ఫైబర్‌తో మీ ఫ్రేము నిండిపోతుంది. అవి తొయ్యడానికి ఒక్కోదానికి పదిమంది కావాలి. కానీ అదే రోజుల్లో మగవాళ్లంతా ఖాళీగా ఇంటిదగ్గర ఉంటారు, కూలి ఇస్తే సాయం చేస్తారు. చెక్క తెప్పలు ఒకటో రెండో ప్రతి ఊళ్లో మూలన పడి ఉంటాయి. అడగండి. ఫైబర్ పడవల మీద పాత వలలు కప్పి, ఈ తెప్పని ముందుకి తెచ్చుకోండి. మా వాళ్లు దాన్ని చూస్తే వాళ్లే కబుర్లు చెప్తారు, మీకు డైలాగులు కూడా వస్తాయి.

ముందు ఊరి పెద్దల్ని కలవండి. గంగమ్మ గుడికి ఎంతో కొంత రాయండి. కాగితం మీద అనుమతి వేరు, ఊరు ఒప్పుకోవడం వేరు.

బ్రష్షు_బాబాయ్
డిష్‌ల మీద వెదురు గంపలు బోర్లించు. చుట్టూ ఎండుచేపలు, చేటలు పెడితే డాబా మీద ఏదో ఆరబెట్టినట్టు ఉంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములకి గోనె చుట్టు. వాటర్ ప్లాంటు బోర్డు ముందు ఎండుగడ్డి వేసిన బండి నిలబెట్టు. నీ 60 వేలు ఇలా పంచుకో: మట్టి, గోనె, కూలీలకి ఒక ఇరవై. చట్రాలు, తడికలకి పదిహేను. అద్దె సామాను, అంటే సత్తు బిందెలు, లాంతర్లు, సైకిలు, నులక మంచాలు, ఒక పది. మిగతా పదిహేను ముట్టుకోకు, ఊరిని తిరిగి ఊరిలా చేయడానికి అది కావాలి. అమ్మాయి వాళ్ల నానమ్మ గోడ అక్కడే ఆగిపోయింది, ఆఖర్న డబ్బుల్లేక.

తొలిరీలు
(ఏడు వారాల తర్వాత) బతికే ఉన్నాను. షూటింగ్ పదకొండు రోజులు జరిగింది. కొన్ని సంగతులు.

కెమెరా చోట్లు ఐదు అన్నారు, ఏడు అయ్యాయి. 2.39 కోతతో డిష్‌లలో సగం వాటంతట అవే పోయాయి. టవర్ పోలేదు. దానికి అడ్డంగా రావికొమ్మ పట్టుకుని మా అసిస్టెంట్ కుర్రాడు డాబా మీద మూడు గంటలు నిలబడ్డాడు. టైటిల్స్‌లో అతని పేరు 'చెట్టు' అని వేస్తాం. చెరుపుడుబల్ల గారి లెక్క ప్రకారం మిగిలింది నాలుగు షాట్‌లే.

మట్టి బ్రహ్మాండంగా కుదిరింది. మొదటి రోజు నీళ్లు ఎక్కువ చల్లి బురద చేశాం, ఒక ముసలాయన జారబోయాడు. దేవుడి దయ వల్ల పట్టుకున్నాం. తర్వాత పొద్దున నాలుగున్నరకి కొద్దిగా చల్లి వదిలేశాం. ఐదున్నరకే తెల్లారిపోతుంది కాబట్టి నిద్రపోయే ప్రశ్నే లేదు. ఎనిమిదిన్నర దాకా తీయడం, పడుకోవడం, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా. మధ్యాహ్నం తీసిన ఒక్క సీనూ పనికి రాలేదు. ఆ ఎండకి మట్టిగోడ కూడా సిమెంటులా తెల్లగా కొట్టేస్తోంది.

గాలికి రెండు చట్రాలు లేచాయి. గాజువాక గాలి గారు నవ్వుకోవచ్చు. ఒక చట్రం ఎర్ర త్రికోణంతో సహా ఎగిరి పక్కింటి మేకల దొడ్డిలో పడింది. దాని పక్కన కట్టిన తడికలో సగం మేకలు తినేశాయి. కంటిన్యుటీ కోసం, అంటే షాట్‌కీ షాట్‌కీ తేడా రాకుండా, మిగతా సగం కూడా మేమే కోసేశాం.

పెద్ద గొడవ గంపల దగ్గర వచ్చింది. పదకొండు డిష్‌ల మీద గంపలు బోర్లించాం. సాయంత్రం షూటింగ్ అయ్యాక తీయడం మర్చిపోయి టిఫిన్‌కి వెళ్లాం. ఏడున్నరకి ఐపీఎల్ మ్యాచ్. ఎవరింట్లోనూ బొమ్మ రాలేదు. అరగంటలో వీధంతా మా రూము ముందు ఉంది. 1985లో టీవీ ఎక్కడిది అని మావాడు ఒకడు జోకు వేయబోయాడు, నోరు మూశాను.

పునుగులబండి
ఆ సీను సినిమాలో పెట్టు. తీసినదాంట్లో అదే బాగుండి ఉంటుంది.

ఒడ్డుపిల్ల
గోడలు?

తొలిరీలు
గోడలకి ఏదీ పూయలేదు. ఒక్క అరుగుకి మాత్రం ఇంటావిడే 'మీరు గీసే గీత వంకరగా ఉంది, ఇటివ్వండి' అని సున్నం ముంత లాక్కుని వీధిలో నాలుగు అరుగులకీ తనే అంచులు గీసింది. అరవై దాటినావిడ. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కెమెరా ఆన్‌లోనే ఉంది. అది సినిమాలో మొదటి షాట్ అయింది. తనని సినిమాలో చూపించడానికి ఒప్పుకున్నట్టు రిలీజ్ కాగితాల మీద సంతకం తీసుకున్నాం, కూలి కూడా ఇచ్చాం, కూలి ఎందుకురా అని తిట్టింది, తీసుకుంది.

గోనెలు చుట్టేశాం. కాలవలు మావాళ్లే తీశారు. ఆ పదిహేను వేలల్లో పదకొండు వేలు దీనికే అయిపోయాయి.

బ్రష్షు_బాబాయ్
మిగతా నాలుగు?

తొలిరీలు
అమ్మాయి ఊరి పేరు చెబితే ఒక గోడకి గులాబీ రంగు కొనాలనుకుంటున్నాం. మా సినిమా కాదు గానీ, మా జాతివాళ్లు చేసిన పనే కదా.

ఒడ్డుపిల్ల
మెసేజ్ పెట్టాను. నానమ్మకి చెప్తే ఇప్పుడు గులాబీ వద్దట, చిలకపచ్చ కావాలట. వచ్చేటప్పుడు నిచ్చెన తెచ్చుకోండి, మా ఇంట్లో లేదు.

మైకుపుల్ల
ఇంతకీ మాస్టారి వార్తలు ఏమయ్యాయి?

రిటైర్డ్_మాస్టారు
నాలుగు టేకులు అయ్యాయి. మూడింటిలో దగ్గాను. దగ్గుతో ఉన్నదే బాగుందన్నారు.